అరువు గుడ్డ, సొంత కట్టు

రువాండా ప్రజల భాష కిన్యార్వాండాలో బట్టను ‘ఉమ్వెండ’ అంటారు. అప్పును కూడా ‘ఉమ్వెండ’ అనే అంటారు. ఒక మాటకు రెండు అర్థాలున్నంత మాత్రాన దాని మీద సిద్ధాంతం కట్టడం నాకు నచ్చదు. తెలుగులో ‘పాలు’ అంటే తాగేవీ ఉన్నాయి, పంచుకునే వాటాలూ ఉన్నాయి. అందులోంచి ఎవరూ తత్వం పిండలేదు. అయినా ఆ దేశపు బట్టల చరిత్ర చదువుతున్నకొద్దీ ఈ మాట వెంటాడుతూనే ఉంటుంది. అక్కడ ఒంటి మీది గుడ్డ ఎప్పుడూ ఎవరో ఒకరి దగ్గరి నుంచి వచ్చిందే.

రువాండా సంప్రదాయ దుస్తులు అని వెతికితే ముందుగా కనిపించేది ముషానానా. నడుము చుట్టూ కుచ్చెళ్లతో కట్టిన పొడవాటి గుడ్డ, పైన చేతుల్లేని బిగుతు రవిక, ఒక భుజం మీదుగా జారే పల్చటి పైట. మన కళ్లకు వెంటనే చీర స్ఫురిస్తుంది. దగ్గరికి వెళ్లి గుడ్డను పట్టుకుని చూస్తే అది శాటిన్, షిఫాన్, ఆర్గంజా. చాలావరకు పాలియెస్టరే. రువాండాలో నేసింది కాదు, చైనా నుంచో దుబాయి నుంచో వచ్చిన తాను. ‘ఆఫ్రికా దుస్తులు’ అని అందరూ మెచ్చుకునే రంగురంగుల కిటెంగె ముద్రణ గుడ్డ తాత ముత్తాతల ఊరు ఇండోనేషియా. ఇక రోజువారీ వాడకంలో ఎక్కువమంది ఒంటి మీద ఉండే జీన్సు ప్యాంట్లు, టీషర్టులు, స్వెట్టర్లు అమెరికాలోనో ఐరోపాలోనో ఎవరో తొడిగి వదిలేసినవి.

మరి ఏది సంప్రదాయం, ఏది ఆధునికం? గుడ్డను బట్టి విడదీయబోతే ఈ చిక్కుముడి విడిపోదు. మన దగ్గర ‘కట్టూ బొట్టూ’ అంటాం. అందులోని ‘కట్టు’ను పట్టుకోవాలి. గుడ్డ ఎక్కడిదైనా కావచ్చు, దాన్ని ఒంటికి చుట్టే తీరు మాత్రం తమదే అని రువాండా వాళ్లు అనుకున్నారు. గొడవ వచ్చిందల్లా కుట్టిన బట్ట వచ్చాకే.

మగ్గం లేని చోట

పాత రువాండాలో మగ్గం లేదు. పత్తి వడకడం, నూలు నేయడం ఆ కొండల్లో పుట్టిన పనులు కావు. వేళ్లలోని నేర్పంతా బుట్టల్లోకీ చాపల్లోకీ వెళ్లింది. శంఖంలా కొనదేలిన మూత ఉండే అగసెకె బుట్ట నేటి రువాండా రాజచిహ్నంలో కూడా చోటు సంపాదించుకుంది. కానీ బుట్టను కట్టుకోలేరు కదా. ఒంటికి కావలసింది చెట్టు నుంచీ పశువు నుంచీ వచ్చింది.

చెట్టు నుంచి వచ్చింది ‘ఇంపుజు’. ఉమువుము అనే మర్రిజాతి చెట్టు బెరడును ఒలిచి, గాట్లు పెట్టిన చెక్క సుత్తులతో గంటల తరబడి కొట్టి, సాగదీసి, ఎండబెడితే ఎర్రమట్టి రంగు గుడ్డ తయారవుతుంది. రామాయణం విన్న వాళ్లకు నారచీర అంటే చాలు, వేరే వివరణ అక్కర్లేదు. కాకపోతే మన కథలో నారచీర వనవాసానికి గుర్తు, అన్నీ వదులుకున్నవాళ్లు కట్టేది. రువాండా, ఉగాండాలున్న ఆఫ్రికా మహా సరస్సుల ప్రాంతంలో అది లోకమంతా కట్టే మామూలు బట్ట. జాగ్రత్తగా ఒలిస్తే చెట్టు చావదు, మళ్లీ బెరడు కడుతుంది. పక్కనున్న ఉగాండాలో బగాండా ప్రజల నారబట్ట తయారీని యునెస్కో 2005లో గుర్తించి 2008లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. రువాండాలో మాత్రం ఆ చేతిపని వాడకంలోంచి తప్పుకుంది. ఉమువుము చెట్లు ఉన్నాయి. ఒకప్పటి రాజనివాసాలు ఎక్కడున్నాయో చెప్పే ఆనవాళ్లుగా కొన్ని చోట్ల వాటిని చూపిస్తారు.

పశువు నుంచి వచ్చింది ‘ఇన్‌కాండ’, వెన్న రాసి మెత్తబరిచిన ఆవు తోలుతో ఆడవాళ్లు నడుముకు చుట్టుకునేది. ఆవు అంటే అంతస్తు, స్నేహం, కట్నం, రాజకీయం అన్నీ అయిన సమాజంలో ఆవు తోలు కట్టడం ఒట్టి చలికాపుదల వ్యవహారం కాదు. ఎవరి మంద ఎంతో ఒంటి మీదే కనబడేది.

వయసు, పెళ్లి, తల్లితనం చెప్పడానికి అసలు గుడ్డే అవసరం లేదు. జుట్టును నెలవంకల్లా కత్తిరించి నిలబెట్టే ‘అమసున్జు’ పెళ్లికాని అమ్మాయిలకూ, యువకులకూ, యోధులకూ గుర్తు. పెళ్లయ్యాక ఆడవాళ్లు ఆ కత్తిరింపు మానేస్తారు. బిడ్డ పుట్టాక నుదుటి మీదుగా ‘ఉరుగోరి’ పెడతారు, జొన్నదంటుతో చేసిన పట్టీ. ఏ సాదా గుడ్డ కట్టుకున్నా తల చూస్తే ఆమె ఎవరో తెలిసిపోయేది. 2018 ఆస్కార్ వేడుకకు నటి లుపిటా న్యోంగో అమసున్జు స్ఫూర్తితో అలంకరించిన జుట్టుతో వచ్చినప్పుడు లోకం దాన్ని కొత్త ఫ్యాషన్ అనుకుంది.

‘స్వచ్ఛమైన పాతకాలం’ మీద నమ్మకమున్న వాళ్లను కాస్త ఇబ్బంది పెట్టే వస్తువు ఒకటుంది. పాత ఛాయాచిత్రాల్లో కలిగిన ఇళ్ల ఆడవాళ్ల కాళ్లకు చీలమండ నుంచి పైకి వరుసగా నారతో అల్లిన సన్నటి కడియాలు కనిపిస్తాయి. వాటి పేరు ‘ఉబుతెగ’. అంతకన్నా రువాండాతనం ఏముంటుంది అనిపిస్తుంది. కానీ అల్లింది కివు సరస్సుకు పడమట, ఇప్పటి కాంగో అడవుల్లో ఉండే తెంబో ప్రజలు. అవి సరస్సు దాటి వచ్చేవి. ఆ వర్తకంలో నాణేల్లా కూడా చెలామణి అయ్యాయి. అంటే తెల్లవాళ్లు రాకముందే, మిల్లు గుడ్డ రాకముందే, రువాండా స్త్రీ తన అలంకారం కోసం సరిహద్దు అవతలి చేతుల మీద ఆధారపడింది.

అమెరికా పేరు, బొంబాయి గుడ్డ

నూలు గుడ్డ తూర్పు తీరం నుంచి మెల్లగా లోపలికి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో మాసచూసెట్స్‌లోని సేలం రేవు వర్తకులు తెల్లబరచని ముతక గుడ్డను జాంజిబార్‌కు తెచ్చి అమ్మేవారు. స్వాహిలీలో దాని పేరు ‘మెరికాని’, అంటే అమెరికా గుడ్డ. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఆ సరఫరా దెబ్బతింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో బొంబాయి మిల్లులు అలాంటి గుడ్డే తయారు చేసి పంపడం మొదలుపెట్టాయి. గుడ్డ మారింది, దేశం మారింది, ‘మెరికాని’ అన్న పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. నీలిమందు అద్దిన ముదురు రంగు ‘కానికి’ గుడ్డ అయితే మొదటి నుంచీ మన దేశం నుంచి వెళ్లిందే.

కొండల మధ్య తలుపులేసుకున్న రువాండాకు ఈ గుడ్డలు ఆలస్యంగా, కొద్దికొద్దిగా చేరాయి. 1894లో జర్మన్ అధికారి ఫోన్ గోట్సెన్ రాజు కిగెలి నాలుగవ ర్వాబుగిరిని కలిసేదాకా ఆ కొలువులో ఐరోపావాడు అడుగు పెట్టలేదు. 1900లో సావే దగ్గర కాథలిక్ వైట్ ఫాదర్స్ తొలి మిషన్ పెట్టారు. 1907లో రిచర్డ్ కాండ్ట్ కిగాలిలో జర్మన్ నివాసం కట్టాడు. దాని చుట్టూ చేరిన అంగళ్లలో భారతీయులవీ అరబ్బులవీ ఉన్నాయి. రువాండాలో ‘తెల్లవాళ్ల దుస్తులు’ అనుకున్న వాటిలో మొదటిది ఆ ఫాదరీల పొడవాటి తెల్ల అంగీ. నిజానికి అది కూడా అరువుదే. ఆ సంఘం 1868లో అల్జీరియాలో పుట్టింది, అక్కడి అరబ్బుల వేషాన్ని అలాగే తీసుకుంది. అరబ్బు అంగీ తొడిగిన ఫ్రెంచి ఫాదరీని చూసి రువాండా వాళ్లు ఐరోపా నాగరికతను ఊహించుకున్నారన్నమాట.

కొత్త గుడ్డను ముందుగా కట్టింది రాజకొలువు. అక్కడ చూడాల్సింది కట్టిన పద్ధతి. తోలు, నార బెరడు కుట్టే వస్తువులు కావు. చుట్టుకోవాలి, ముడి వేయాలి, భుజం మీద వేసుకోవాలి. నూలు వచ్చినా అదే అలవాటు సాగింది. కిన్యార్వాండాలో నడుముకు కట్టడానికి ‘గుకెన్యెర’, పైన కప్పుకోవడానికి ‘క్విటెర’ అని వేర్వేరు క్రియలు ఉన్నాయి. కింది గుడ్డ ఉముకెన్యెరో, పై గుడ్డ ఉమ్విటెరో. కట్టడం, కప్పుకోవడం: ఈ రెండు క్రియల మధ్య ఇమిడే ప్రతి గుడ్డా రువాండా దుస్తే అయింది, బొంబాయి నుంచి వచ్చినా సరే.

1931లో, జర్మన్ల తర్వాత వచ్చిన బెల్జియం పాలకులు రాజు ముసింగను గద్దె దించి ఆయన కొడుకు రుదహిగ్వను కూర్చోబెట్టారు. 1943లో బాప్తిస్మం తీసుకున్న ఈ కొత్త రాజు ఛాయాచిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే భలే తమాషాగా ఉంటుంది. ఒకదాంట్లో ఇస్త్రీ చెదరని ఐరోపా సూటు, మరోదాంట్లో భుజం మీదుగా జారే తెల్లటి వస్త్రం, తల మీద పూసల కిరీటం. మనిషి ఒక్కడే. ఏ గదిలో ఎవరితో మాట్లాడాలో దాన్ని బట్టి ఒంటి మీది గుడ్డ మారింది.

మామూలు జనానికి గుడ్డ అంత సులువుగా దొరకలేదు. చెట్టు బెరడుకు డబ్బు అక్కర్లేదు, అంగట్లో గుడ్డకు కావాలి. పన్నూ డబ్బుగానే కట్టాలి. బెల్జియం కాలంలో వెట్టిచాకిరీ నుంచి తప్పించుకోవడానికీ, నాలుగు డబ్బులు సంపాదించుకోవడానికీ వేల మంది మగవాళ్లు సరిహద్దు దాటి ఉగాండా తోటల్లో కూలికి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఉన్నవాటిలో గుడ్డలు, దుప్పట్లు ముఖ్యమైనవి. ఉమ్వెండ అన్న మాట నాకు గట్టిగా గుర్తుకొచ్చేది ఇక్కడే.

ఒక పెళ్లి, మూడు వేషాలు

ఇప్పటి పెళ్లి చూస్తే ఈ కథ మొత్తం కళ్లముందే జరుగుతుంది. ఒకే జంట మూడు సార్లు పెళ్లి చేసుకుంటుంది, మూడు రకాల దుస్తుల్లో.

మొదటిది ‘గుసాబ’, అంటే పిల్లను అడగడం. రెండు కుటుంబాలు ఎదురెదురుగా కూర్చుంటాయి. ఇరువైపులా మాటకారి పెద్దలు ఉంటారు. పిల్లను ఇవ్వడానికి వీల్లేదని వీళ్లు, ఇవ్వక తప్పదని వాళ్లు, పొడుపు కథల మధ్య, నవ్వుల మధ్య వాదించుకుంటారు. ఇన్‌క్వానో, అంటే వరుడి తరఫు ఇచ్చే ఆవుల సంగతి తేలాకే (ఈ రోజుల్లో ఆవులకు బదులు కవరులో డబ్బు పెట్టడం మామూలైంది) వధువు బయటికి వస్తుంది, ముషానానాలో. వెంట అదే రంగు ముషానానాల్లో తోడుపెళ్లికూతుళ్లు. వరుడి వైపు మగవాళ్లు చొక్కా ప్యాంటు మీదనే ఉమ్విటెరోను భుజానికి ముడివేసి, చేతిలో కర్ర పట్టుకుంటారు. కుట్టిన ప్యాంటు లోపల, కప్పిన పైగుడ్డ బయట. ఆ రెండో పొర చాలు, అది సంప్రదాయం అయిపోతుంది.

రెండోది ప్రభుత్వ కార్యాలయంలో. ఒక చెయ్యి జాతీయ జెండా మీద పెట్టి, కుడి చెయ్యి ఎత్తి ప్రమాణం చేయాలి. ఇక్కడ సూటు, గౌను, లేదా మంచి కిటెంగె. మూడోది చర్చిలో, నేల జీరాడే తెల్ల గౌనుతో.

ముషానానా పెళ్లికే పరిమితం అనుకోవద్దు. చావు ఇంటికీ, ఆదివారం చర్చికీ, ప్రభుత్వ సభలకీ, నాట్యానికీ అదే. నాట్యంలో దాని అందం వేరు. రువాండా స్త్రీల నృత్యంలో చేతులు రెండూ పైకి వంగి విశాలమైన ఆవు కొమ్ముల్లా నిలుస్తాయి. ఒక భుజం ఖాళీగా, మరో భుజం మీద పల్చటి పైట ఉండటం వల్ల ఆ చేతులు గాలిలో తేలుతున్నట్టుంటాయి. గుడ్డ బరువుగా ఉంటే ఈ నాట్యం ఇలా ఉండదు. తేలికపాటి పాలియెస్టర్ రావడం సంప్రదాయానికి కీడు చేసిందని గొణిగేవాళ్లు ఈ సంగతి కూడా లెక్కేసుకోవాలి. మగవాళ్ల వైపు ఇంతోరె నర్తకులు తలకు పొడవాటి నార జూలు కట్టి, కాళ్లకు గజ్జెలతో, చేతిలో బల్లెంతో సింహాల్లా తలలు విసురుతారు. ఈ నృత్యాన్ని యునెస్కో 2024లో తన జాబితాలో చేర్చింది.

‘మన మర్యాద’ అనే మాట ఎంత సాగుతుందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2022లో కిగాలిలో ఒక కచేరీకి ఒళ్లు కనిపించే పల్చటి గౌను వేసుకొచ్చిన యువతిని అరెస్టు చేశారు, తర్వాత బెయిలు మీద విడిచిపెట్టారు. సంస్కృతి పాడైపోతోందని చాలామంది కోప్పడ్డారు, అతి చేశారని మరికొందరు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల రువాండా ఛాయాచిత్రాల్లో ఆడా మగా నడుము పైన ఏ గుడ్డా లేకుండా మామూలుగా నిలబడి ఉంటారు. నిండా కప్పుకోవాలన్న పట్టింపులో మిషన్ల పాలు చాలానే ఉంది. అది కూడా అరువు వచ్చిందే, గుడ్డతోపాటు.

కిటెంగె ఎవరిది?

కిన్యార్వాండాలో ‘ఇగితెంగె’. జావా దీవి మైనపు అద్దకాన్ని యంత్రాల మీద చౌకగా చేసి ఇండోనేషియాలోనే అమ్ముకుందామని డచ్చి వాళ్లు బయలుదేరారు. అక్కడ అనుకున్నంత గిరాకీ లేకపోయింది, పశ్చిమ ఆఫ్రికాలో విరగబడి కొన్నారు. 1846లో నెదర్లాండ్స్‌లోని హెల్మండ్ పట్టణంలో మొదలైన వ్లిస్కో సంస్థ ఈ రోజుకీ ఆ గుడ్డకు పెద్ద పేరు. కాంగో మీదుగా, తూర్పు తీరం మీదుగా ఆ మోజు రువాండా చేరింది. ఇప్పుడు బజార్లో దొరికేది ఎక్కువగా చైనాది. మన గుజరాత్‌లోని జెత్‌పుర్ కూడా ఆఫ్రికా మార్కెట్ కోసమే కంగా అనే అచ్చు గుడ్డలు, కిటెంగెలు అచ్చువేసి పంపుతుంది.

తెలుగువాళ్లకు ఈ తరహా వ్యాపారం కొత్త కాదు. చీరాల ప్రాంతంలో నేసిన గళ్ల రుమాలు గుడ్డ మద్రాసు పేరుతో ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లింది. నైజీరియాలోని కలబరి ప్రజలకు ఆ గళ్ల గుడ్డ పుట్టుకలో, చావులో విడదీయరాని వంశ వస్త్రం అయింది. అది వేరే తీరం, రువాండా కథ కాదు. కానీ నేసిన వాళ్ల ఊహకు కూడా అందని అర్థాన్ని కట్టుకున్న వాళ్లు గుడ్డకు ఇవ్వగలరని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు. కిగాలిలోని కిమిరోంకో మార్కెట్లో జరిగేదీ అదే. ఒక అంగట్లో గుడ్డ ఎంచుకుని, అక్కడే కుట్టుమిషన్ల ముందు వరుసగా కూర్చున్న దర్జీలకు ఇస్తే గౌనో చొక్కానో అయి వస్తుంది. గుడ్డ చైనాది, కొలత ఆమెది, కుట్టు ఆ ఊరిది.

రంగుల లెక్క

1994 ఏప్రిల్‌లో మొదలైన టుట్సీ జాతివారి ఊచకోత గురించి రాయకుండా రువాండా బట్టల గురించి రాయడం కుదరదు. కిగాలికి దక్షిణాన న్యామాటలో ఒక చర్చి ఉంది. దేవుడి ఇంట్లో ప్రాణం దక్కుతుందని చేరిన వేల మంది టుట్సీలను అక్కడే చంపేశారు. ఇప్పుడది స్మారకం, 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన నాలుగు రువాండా స్మారకాల్లో ఒకటి. లోపల బల్లల మీద చనిపోయినవాళ్ల బట్టలు కుప్పలుగా ఉంటాయి. కిటెంగె ముక్కలు, స్వెట్టర్లు, పిల్లల గౌన్లు, మట్టి రంగుకు తిరిగినవన్నీ. ఏ మ్యూజియంలోనూ మామూలు జనం మామూలు రోజుల బట్టలు ఇంత మొత్తంలో ఉండవు. ఉన్న ఒక్కచోట ఇలా ఉన్నాయి. బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది తమవాళ్ల అవశేషాలను గుర్తుపట్టింది బట్టలను చూసే.

తర్వాతి సంవత్సరాల్లో రంగులు ప్రభుత్వ భాష అయ్యాయి. జైళ్లలో విచారణ కోసం ఎదురుచూసేవారికి గులాబీ రంగు దుస్తులు, శిక్ష పడ్డవారికి నారింజ. ఊరూరా పచ్చిక మీద నడిచిన గచాచ న్యాయసభల్లో గులాబీ చొక్కాల నిందితుల ఎదుట ఊరివాళ్లే జడ్జీలుగా, మామూలు బట్టల మీద జాతీయ రంగుల పట్టీ అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. 2012లో ఆ సభలు ముగిశాయి. ఏటా ఏప్రిల్‌లో జరిగే స్మృతి దినాలకు చాలాకాలం ఊదా రంగు గుడ్డ మెడకు కట్టుకునేవారు. తర్వాత దాని స్థానంలో బూడిద రంగు వచ్చింది.

చాగువ: ఎంచుకో

ఇక అసలు చిక్కు. స్వాహిలీలో ‘చాగువ’ అంటే ఎంచుకో అని. కుప్పపోసిన పాత బట్టల్లో చెయ్యిపెట్టి ఎంచుకోవాలి కాబట్టి ఆ బట్టలకే ఆ పేరు స్థిరపడింది. పడమటి దేశాల్లో దానంగా ఇచ్చిన బట్టలు వర్తకుల చేతికి చేరి, రకాలుగా విడదీసి, మూటలు కట్టి, కిలోల లెక్కన అమ్ముడై ఆఫ్రికా రేవులకు వెళ్తాయి. ఈ విడదీత పని కొంత మన దేశంలోనే, కచ్‌లోని గాంధీధామ్ దగ్గర కాండ్లా ఆర్థిక మండలిలో జరుగుతుంది. దానం చేసినావిడ అనుకునే పేదవాడికీ, చివరికి ఆ చొక్కా కొన్న పేదవాడికీ మధ్య కనీసం నలుగురు లాభం చూసుకుంటారు.

తప్పంతా చాగువదే అనడం తేలిక. కానీ చాలా ఇళ్లలో పిల్లల ఒంటి మీద గట్టి గుడ్డ ఉండటానికి కారణం కూడా అదే. మూటలు విప్పి అమ్మే వాళ్లకు, సరిచేసి కుట్టే దర్జీలకు, ఉతికి ఇస్త్రీ చేసేవాళ్లకు అదే కూడు.

తూర్పు ఆఫ్రికా దేశాలు పాత బట్టలను క్రమంగా ఆపేద్దామని 2016లో అనుకున్నాయి. అందరికన్నా గట్టిగా అడుగేసింది రువాండా. ఆ సంవత్సరమే కిలోకు 20 సెంట్లున్న దిగుమతి సుంకాన్ని 2.50 డాలర్లు చేసింది. 45 కిలోల మూట ఒకటి తీసుకుంటే సుంకం 9 డాలర్ల నుంచి 112 డాలర్లు దాటింది. పేరుకు నిషేధం కాదు. మూట కొనేవాడికి మాత్రం నిషేధంలాగే తగిలింది. కారణాలు రెండు చెప్పారు: సొంత వస్త్ర పరిశ్రమ ఎదగాలి, ఇతరులు విడిచిన బట్ట తొడగడం పరువు తక్కువ. మొదటిది లెక్కల వాదన, రెండోది మనసుకు తగిలే వాదన. పాలకులకు రెండోదే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే దాన్ని అంకెలతో ఎవరూ కొట్టిపారేయలేరు.

అమెరికాలోని పాత బట్టల వర్తక సంఘం 2017లో తమ ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది. దాని చేతిలో ఉన్న ఆయుధం పేరు ఆగోవా, ఆఫ్రికా దేశాల సరుకును సుంకం లేకుండా అమెరికాలోకి రానిచ్చే 2000 నాటి చట్టం. ఆ రాయితీ పోతుందని బెదిరించగానే కెన్యా, ఆ తర్వాత టాంజానియా, ఉగాండా వెనక్కి తగ్గాయి. రువాండా తగ్గలేదు. 2018 జులై చివర రువాండా బట్టలకు ఆ రాయితీ ఆగిపోయింది. అప్పటికి ఆ దారిలో అమెరికాకు వెళ్తున్న రువాండా బట్టల విలువ ఏడాదికి 15 లక్షల డాలర్లు మాత్రమే. ఏనుగు దోమ మీద కేసు పెట్టినట్టుంది వ్యవహారం. అదే సంవత్సరం మే నెలలో రువాండా ప్రభుత్వం లండన్ ఫుట్‌బాల్ జట్టు ఆర్సెనల్ చొక్కా చేతి మీద ‘విజిట్ రువాండా’ అని రాయించుకోవడానికి మూడేళ్ల ఒప్పందం చేసుకుంది. పత్రికలు చెప్పిన మొత్తం దాదాపు మూడు కోట్ల పౌండ్లు. దేశంలో నిజంగా కుట్టిన చొక్కాలకన్నా, ఒక చొక్కా మీద రాసిన దేశం పేరుకు ఎక్కువ వెల పలికిందన్నమాట. ఇది ఎగతాళికి అనడం లేదు. పర్యాటకం మీద ఆ పెట్టుబడి వాళ్ల దృష్టిలో లాభసాటే. నాకు ఆశ్చర్యం కలిగించేది, ఆ సంవత్సరం రెండు నిర్ణయాలూ బట్ట మీదే జరగడం.

ఊళ్లో ఏమైంది? పాత బట్టల ధర పెరిగింది, చాలామంది చిల్లర వర్తకుల బేరం పోయింది. సరిహద్దుల్లో దొంగరవాణా మొదలైంది: కాంగోలోని గోమా నుంచి, బురుండి వైపు నుంచి నాలుగైదు పొరల బట్టలు ఒంటికి చుట్టుకుని దాటేవాళ్లను పోలీసులు పట్టుకున్నారు. కట్టడం, కప్పుకోవడం అన్న పాత విద్య ఇలా కూడా పనికొచ్చింది. ఖాళీ అయిన చోటును ఎక్కువగా నింపింది రువాండా మిల్లు కాదు, చైనా నుంచి వచ్చే చౌక కొత్త బట్టలు. పత్తి పండించని, సముద్రం లేని దేశానికి గుడ్డ, దారం, గుండీ, జిప్పు అన్నీ బయటి నుంచే రావాలి. కిగాలి ప్రత్యేక ఆర్థిక మండలిలో చైనా పెట్టుబడితో వచ్చిన కుట్టు కర్మాగారాలు వేల మందికి పని నేర్పాయి, అది నిజమైన లాభమే. పాత ఉటెక్స్‌ర్వా మిల్లు యూనిఫారాల గుడ్డ తయారు చేస్తూ వచ్చింది. ఇవి ఉన్నంత మాత్రాన కొండ మీది ఊరి రైతుకు చాగువ చొక్కా ధరకు కొత్త చొక్కా రాదు.

‘మేడిన్ రువాండా’ చీటీ

ఈ విధానం నీడలో బాగా ఎదిగింది మాత్రం పైశ్రేణి దర్జీతనం. హౌస్ ఆఫ్ తాయో, మోషన్స్, ఇన్‌జుకి, సోనియా ముగాబో, హోట్ బాసో లాంటి పేర్లు కిగాలి దాటి వినిపించాయి. వీటిలో మోషన్స్ పని నాకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. మగవాళ్ల చొక్కాలకు పూసల పని, ముషానానా జారుడును గుర్తుచేసే పొరలు, ఇమిగోంగో గీతలు. ఇమిగోంగో అంటే ఆవుపేడతో ఉబ్బెత్తుగా దిద్ది నలుపు, తెలుపు, ఎరుపు రంగులు వేసే తూర్పు రువాండా గోడ చిత్రకళ. గిసాక రాజ్యపు రాకుమారుడు కాకిర దాన్ని మొదలుపెట్టాడని కథ. గోడ మీది కోణాలు ఇప్పుడు గుండీ పట్టీ మీదికి వచ్చాయి. దేశాధ్యక్షుడు పాల్ కగామే సూటు వదిలి అలాంటి చొక్కాల్లో కనిపించడం మొదలయ్యాక కొలువుల్లో వాటికి గిరాకీ పెరిగింది. రుదహిగ్వ కాలంలాగే, ఇప్పుడూ కొత్త కట్టు పైనుంచి కిందికే దిగుతోంది.

వీటిని ‘సంప్రదాయానికి ఆధునిక రూపం’ అని పొగడటం మామూలు. నాకు అది తలకిందులుగా కనిపిస్తుంది. చుట్టుకునే, కప్పుకునే అలవాటే రువాండా వస్త్రధారణకు వెన్నెముక అయితే, కొలత తీసి కుట్టిన ఈ చొక్కాలు మిషన్ల సంతానం. వాటికి తాతల గోడల బొమ్మ అంటించి ఇంటిపేరు మార్చారు. అందం తగ్గదు గానీ వంశవృక్షం మాత్రం అదీ. వరుడు ప్యాంటు మీదనే ముడివేసుకునే ఆ ఉమ్విటెరో, పాలియెస్టరే అయినా, నా లెక్కలో వాటికన్నా పాతది.

పైగా అలాంటి చొక్కా ధర మామూలు జీతగాళ్లకు అందదు. ముషానానా కూడా కొనుక్కుని బీరువాలో పెట్టుకునే స్తోమత అందరికీ లేదు, అందుకే కిగాలిలో వాటిని అద్దెకిచ్చే దుకాణాలు ఉన్నాయి. తోడుపెళ్లికూతుళ్లందరికీ ఒకే రంగు కావాలి కాబట్టి సెట్లుగానే ఇస్తారు. ఉదయం తెచ్చుకుని కట్టించుకుంటారు. కుచ్చెళ్లు సరిగా నిలబడటానికి పెద్దావిడ ఎవరో పిన్నులు పెడుతుంది. ఆవుల బేరం తేలుతుంది, నాట్యం అవుతుంది, ఫొటోలు అవుతాయి. సాయంత్రానికి పైట మడతపెట్టి, మరక పడిందేమో చూసి, దుకాణానికి తిరిగి పంపుతారు. అమ్మాయిలు తమ జీన్సులు వేసుకుని బస్సెక్కుతారు.